సగం నీళ్లలో, సగం గాలిలో: ఉక్కు మోత లెక్క ఎందుకంత కష్టం?

వంటింట్లో స్టీలు గ్లాసు ఒకటి తీసుకుని, ఖాళీగా ఉండగా అంచు మీద చెంచాతో తట్టండి. ఖంగుమని సన్నటి మోత వస్తుంది. సగం దాకా నీళ్లు పోసి మళ్లీ తట్టండి. పెద్ద తేడా ఉండదు. ఇంకా పోస్తూ, తడుతూ పోండి. ముప్పావు దాటాక స్వరం గబగబా దిగడం మొదలవుతుంది. నిండు గ్లాసు మోత ఖాళీ గ్లాసు మోత కంటే బాగా కిందికి, కాస్త బొంగురుగా వినిపిస్తుంది. జలతరంగం కళాకారులు పింగాణీ కప్పుల్లో నీళ్లు పోసీ తీసీ శ్రుతి చేసుకునేది ఈ గుణాన్ని పట్టుకునే.

నీళ్లు చేరితే స్వరం ఎందుకు దిగుతుంది? మోగుతున్నప్పుడు గ్లాసు గోడ లోపలికీ బయటికీ ఊగుతుంది. పక్కన నీళ్లుంటే గోడ ఒంటరిగా ఊగలేదు. ఆ నీళ్లను తోసుకుంటూ, లాక్కుంటూ ఊగాలి. గోడ బిగువు మారలేదు, కదలాల్సిన బరువు మాత్రం పెరిగింది. అందుకే ఊపు నెమ్మదిస్తుంది. మరి సగం నీళ్లకు ఎందుకు లొంగలేదు? గ్లాసు అడుగు గట్టిది, అక్కడ గోడ కదిలేదే తక్కువ. అసలు ఊపంతా పై అంచు దగ్గర. కదలని గోడ పక్కన ఎన్ని నీళ్లున్నా అవి దానికి బరువు కావు. గాజు గ్లాసుల మీద చేసిన లెక్కల్లో నీటి ప్రభావం సుమారుగా నీటి ఎత్తుకు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. ఆ లెక్కన సగం నిండిన గ్లాసులో అది నిండు గ్లాసుతో పోలిస్తే 16వ వంతే.

నీళ్లు లోపల కాకుండా బయట ఉన్నా ఇదే జరుగుతుంది. ఖాళీ గ్లాసును బకెట్ నీళ్లలో మెడ దాకా ముంచి పట్టుకుని తట్టి చూడండి. ఓడ అంటే అలా నీళ్లలో నిలబడ్డ గ్లాసే. వంతెన స్తంభం, జెట్టీ పైల్, ఆనకట్ట గోడ, సముద్రంలో నాటిన గాలిమర స్తంభం అన్నీ ఈ కోవలోకే వస్తాయి. పూర్తిగా గాలిలో ఉన్న వస్తువు ఎలా మోగుతుందో లెక్కగట్టడానికి మంచి దారులు ఎప్పుడో దొరికాయి. పూర్తిగా మునిగినదానికీ దొరికాయి. ఒకే ఉక్కు పొట్ట, అంటే ఓడ బయటి గోడ, కొంత నీళ్లలో, కొంత గాలిలో ఉన్నప్పుడు మధ్యలో ఒక గీత వస్తుంది. ఓడవాళ్లు దాన్ని వాటర్‌లైన్ అంటారు. చూడ్డానికి అది పొట్ట మీద గీసిన రంగు గీత. లెక్కలో మాత్రం సగం కష్టం అక్కడే పుడుతుంది. ఈ లెక్కలు చేసే పనిలో ఉన్నవాడిగా నేను ఎక్కువ గంటలు గడిపింది ఆ గీత దగ్గరే.

ఈ లెక్కలు ఎవరికి కావాలి అనే మాట ముందే చెప్పేస్తాను. ఓడలో నిద్రపోయే సిబ్బందికి కావాలి. 2014 జులై నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నియమావళి ప్రకారం కొత్తగా కట్టే 10,000 టన్నేజీ, అంతకు మించిన ఓడల్లో పడక గదుల శబ్దం 55 డెసిబెల్స్ దాటకూడదు. చేపలను లెక్కపెట్టే పరిశోధన నౌకలకు కావాలి, ఎందుకంటే ఓడ మోతకు చేపలు పక్కకు జరిగిపోతే లెక్కే తప్పుతుంది. తిమింగలాల కోసం కావాలి. ఓడల నీటి అడుగు శబ్దాన్ని తగ్గించుకోమని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2014లో మార్గదర్శకాలు ఇచ్చి, 2023లో వాటిని సవరించింది. ఇక నౌకాదళాలకు ఇది ప్రాణం మీద మాట. విశాఖపట్నంలో 1969లో నౌకా శాస్త్ర, సాంకేతిక ప్రయోగశాల వెలిసింది ఓడలు, జలాంతర్గాములు, టార్పెడోల పనుల కోసమే.

ఒడ్డున ఉన్న కుర్సురా, నీళ్లలో ఉన్న కుర్సురా

విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా చూడనివాళ్లు మన దగ్గర తక్కువ. సోవియట్ యూనియన్‌లో తయారైన ఆ జలాంతర్గామి 1969లో మన నౌకాదళంలో చేరింది, 2001లో సేవ ముగించింది, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. లోపల నడుస్తూ గమనిస్తే మూడు పెద్ద డీజిల్ ఇంజన్లు కనిపిస్తాయి. డీజిల్ మండాలంటే గాలి కావాలి. కాబట్టి ఆ ఇంజన్లు నడిచి బ్యాటరీలు చార్జ్ అయ్యేది జలాంతర్గామి పైకి తేలినప్పుడు, లేదా నీటి మట్టానికి కాస్త కిందే ఉండి గాలి గొట్టం పైకి పెట్టినప్పుడు. అంటే బాగా లోతున నిశ్శబ్దంగా పోయే యంత్రం, గట్టిగా మోగే సమయానికి సరిగ్గా నీటి గీత దగ్గర ఉంటుంది. గొట్టం లాంటి దాని పొట్ట సగం మునిగితే మోత ఎలా ఉంటుందనే ప్రశ్న అక్కడ పుస్తకాల ప్రశ్నగా మిగలదు.

ఇప్పుడు ఒడ్డున ఉన్న ఆ పొట్టను సుత్తితో తట్టి కొలిస్తే వచ్చే ఫ్రీక్వెన్సీలు, అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న అంకెలు, సముద్రంలో ఉన్నప్పటివి కావు. తేడా ఎంతుంటుందో చిన్న లెక్క చేద్దాం. అసలు జలాంతర్గామి కొలతలు పక్కన పెట్టి, మామూలు ఓడ ప్లేటు ఒకటి తీసుకుందాం. మందం 1 సెంటీమీటరు. దాన్ని లోపలి నుంచి పట్టుకుని ఉన్న ఉక్కు పట్టీల, అంటే ఓడ పక్కటెముకల మధ్య దూరం 60 సెంటీమీటర్లు. ప్లేటు పొడవాటిదనీ, అంచులు ఆనించి ఉన్నాయే తప్ప బిగించి లేవనీ అనుకుందాం. చదరపు మీటరు ఉక్కు బరువు దాదాపు 78 కిలోలు. గాలిలో ఈ ప్లేటు మొదటి సహజ ఫ్రీక్వెన్సీ 68 హెర్ట్జ్ (సెకనుకు 68 ఊపులు) దాకా వస్తుంది. ఇప్పుడు ఒకవైపు నీళ్లు పెట్టండి. ఆ ఊపుతో పాటు కదిలే నీటి బరువు చదరపు మీటరుకు 190 కిలోలు. ఉక్కు కంటే రెండు రెట్లకు పైగా! ఫ్రీక్వెన్సీ 37 హెర్ట్జ్‌కు పడిపోతుంది. గాలికి ఇదే లెక్క వేస్తే చదరపు మీటరుకు పావు కిలో కూడా రాదు. అందుకే కారు తలుపో ఫ్యాను రెక్కో లెక్కగట్టేటప్పుడు గాలి బరువును ఎవరూ పట్టించుకోరు.

ఈ అదనపు బరువు ఉందని గుర్తించడం కొత్తేమీ కాదు. నీళ్లలో ఊగే లోలకం తనతో పాటు కొంత నీటిని మోస్తుందని జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ 1828లో చూపించాడు. నీటిని ఆనుకున్న పలక ఎలా కంపిస్తుందో 1920లో హొరేస్ లాంబ్ లెక్కగట్టాడు. ఓడలకు పనికొచ్చేలా దాన్ని మలిచింది ఫ్రాంక్ లూయిస్. 1929లో ఆయన చేసిన పని చూస్తే ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది. ఓడను బ్రెడ్ ముక్కల్లా అడ్డంగా కోసి, ఒక్కో కోతకు నీటి బరువు ఎంతో గణిత రూపంలో తేల్చి, చివరికి నీళ్లు పొడవు వైపు కూడా తప్పించుకుంటాయి కాబట్టి అంత మేరకు తగ్గించమన్నాడు. కంప్యూటర్ లేదు, కాగితమూ పెన్సిలే. మొత్తం ఓడ దూలంలా వంగే మొదటి రెండు మూడు కంపనాలకు ఈ పద్ధతి ఇప్పటికీ మంచి అంచనా ఇస్తుంది.

ఆనకట్టలదీ ఇదే కథ. భూకంపంలో ఆనకట్ట ఊగితే వెనకనున్న జలాశయం దానికి బరువవుతుంది. 1933లో వెస్టర్‌గార్డ్ ఇచ్చిన సూత్రం ప్రకారం 100 మీటర్ల లోతు జలాశయం అడుగున ఆ బరువు చదరపు మీటరుకు 87 టన్నుల పైచిలుకు. అంటే 36 మీటర్ల మందం కాంక్రీటు అదనంగా అంటించినట్టు. 1967 డిసెంబరులో మహారాష్ట్రలోని కొయినా భూకంపానికి అక్కడి ఆనకట్ట పై భాగం బీటలు వారింది. ఆనకట్ట, జలాశయం కలిసి ఊగే లెక్కలను పరీక్షించుకోవడానికి ప్రపంచమంతా ఇప్పటికీ వాడే ఉదాహరణ అది.

గీత దగ్గర ఏం జరుగుతుంది

బరువు సంగతి ఇంతే అయితే పని తేలికే. నీళ్లున్న చోట బరువు కలిపి, లేని చోట వదిలేస్తే సరిపోయేది. అలా చేసే ప్రోగ్రాములు నేను చూశాను. తొలి అంచనాకు పర్వాలేదు. శబ్దం దగ్గరకు వచ్చేసరికి అవి నిలబడవు.

నీటి పై మట్టం శబ్దానికి ఒక వింత అద్దం. గాలి ఎంత తేలికంటే, నీళ్లలోంచి పైకి వచ్చే శబ్ద తరంగానికి పైన ఏమీ లేనట్టే. తోసేందుకు ఏమీ లేదు కాబట్టి మట్టం మీద శబ్ద పీడనం సున్నా. పీడనం సున్నాగా ఉండాలంటే వచ్చిన తరంగం తలకిందులై తిరిగి పోవాలి. నెట్టుతూ వచ్చినది లాగుతూ వెళ్తుంది. లెక్కలో దీనికి అందమైన ఉపాయం ఉంది. నీటి మట్టాన్ని తీసేసి, దానికి పైన అంతే ఎత్తులో అసలు మూలానికి ప్రతిబింబం ఒకటి పెట్టాలి. అసలుది నెట్టినప్పుడల్లా ప్రతిబింబం లాగాలి.

దీని ఫలితం చూడండి. అయిదు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 120 సార్లు తిరిగితే సెకనుకు 10 దెబ్బలు, అంటే 10 హెర్ట్జ్. నీళ్లలో శబ్ద వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు కాబట్టి ఆ తరంగం పొడవు 150 మీటర్లు. ప్రొపెల్లర్ 4 మీటర్ల లోతున ఉందనుకోండి. 150 మీటర్ల తరంగానికి 4 మీటర్లు ఒక లెక్కా? అసలూ ప్రతిబింబమూ దాదాపు ఒకే చోట ఉన్నట్టే, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మట్టం లేకపోతే వచ్చే పీడనంతో పోలిస్తే నేరుగా కిందికి మూడో వంతే వెళ్తుంది. మట్టానికి 10 డిగ్రీల వాలులో దూరంగా చూస్తే 17వ వంతు. అదే ఓడ సరుకు నింపుకుని ఇంకో 4 మీటర్లు మునిగితే ఆ పీడనం దాదాపు రెట్టింపవుతుంది. ఇంజను అదే, ప్రొపెల్లర్ అదే. మారింది నీటి గీత ఒక్కటే.

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం. గుండ్రటి గొట్టం పూర్తిగా నీళ్లలో ఉంటే దాని కంపనాలు బుద్ధిగా వరస కడతాయి. ఒక కంపనంలో గొట్టం కోడిగుడ్డులా సాగుతుంది, ఇంకోదాంట్లో మూడు మూలలు తేలుతుంది, తర్వాతది నాలుగు మూలలు. నీళ్లు చుట్టూ ఒకేలా ఉన్నాయి కాబట్టి గుడ్డు ఆకారంలో తోస్తే నీళ్లు గుడ్డు ఆకారంలోనే ఎదురు తోస్తాయి. ఏ ఆకారం లెక్క దానిదే. ఒక్కోదాన్ని విడిగా కాగితం మీదే తేల్చవచ్చు.

అదే గొట్టాన్ని సగం పైకి తేల్చండి. గుడ్డు ఆకారం ఇప్పుడు కింది సగంలోని నీళ్లనే తోస్తుంది. పై సగంలో ఎదురు లేదు. కింద నుంచి తిరిగొచ్చే పీడనం గుడ్డు ఆకారంలో ఉండదు. అందులో మూడు మూలలదీ, నాలుగు మూలలదీ, మొత్తంగా పైకీ కిందికీ ఊగేదీ అన్నీ కొంచెం కొంచెం కలిసి ఉంటాయి. అవి ఆయా ఆకారాలను లేపుతాయి, అవి మళ్లీ నీళ్లను తోస్తాయి. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే. ఒకటొకటిగా తేలే సమీకరణాలు ఇప్పుడు ముప్పయ్యో నలభయ్యో చేతులు పట్టుకుని నిలబడతాయి, అన్నింటినీ కలిపే సాధించాలి. నీటి మట్టం సరిగ్గా గొట్టం నడుం దగ్గర ఉంటే కాస్త ఊరట. నడుం నుంచి కోణం కొలిచి, మట్టం దగ్గర సున్నా అయ్యే సైన్ తరంగాలతో నీటి పీడనాన్ని చక్కగా రాసుకోవచ్చు. మట్టం నడుం కంటే పది సెంటీమీటర్లు పైకో కిందికో జరిగిందా, ఆ సౌకర్యం పోయింది. ఇక కంప్యూటర్ మీద ముక్కలు చేసుకోవాల్సిందే.

ముక్కలు చేయడం

ఉక్కును ముక్కలు చేసే పద్ధతి ఫైనైట్ ఎలిమెంట్. పొట్టనంతా చిన్న చిన్న పలకలుగా కోసి, ఒక్కోదానికి బిగువు, బరువు రాసి, అన్నింటినీ మూలల దగ్గర కుట్టేయడం. కోత ఎంత సన్నగా ఉండాలి? ఒక తరంగం పొడవులో కనీసం ఆరు ముక్కలు ఉండాలనేది పనివాళ్ల నియమం. ఇక్కడ కొత్తవాళ్లు పొరబడతారు. 1,000 హెర్ట్జ్ దగ్గర నీళ్లలో శబ్ద తరంగం పొడవు మీటరున్నర కాబట్టి పావు మీటరు ముక్కలు చాలనుకుంటారు. ఉక్కు ప్లేటులో వంపు తరంగం అంత పొడవు ఉండదు. 1 సెంటీమీటరు ప్లేటులో అదే 1,000 హెర్ట్జ్ దగ్గర 30 సెంటీమీటర్లే, నీటి బరువు కలిస్తే ఇంకా తగ్గుతుంది. ముక్క 5 సెంటీమీటర్లకు మించకూడదు. 2,000 చదరపు మీటర్ల పొట్టకు అవి 8 లక్షలు. లోపలి పక్కటెముకలు, డెక్కులు, ఇంజను పీఠాలు ఇంకా లెక్కలోకి రాలేదు.

నీళ్లను ఏం చేయాలి? సముద్రాన్నంతా ముక్కలు చేయలేం కదా. ఒక దారి, ఓడ చుట్టూ కొంత నీటిని ముక్కలు చేసి, చివర శబ్దాన్ని మింగేసే పొర పెట్టడం. 1994లో బెరెంజే విద్యుదయస్కాంత తరంగాల కోసం కనిపెట్టిన పొర ఇప్పుడు శబ్దానికీ పనిచేస్తోంది. రెండో దారి బౌండరీ ఎలిమెంట్. పొట్ట తడిసిన ఉపరితలం మీద పీడనం, వేగం తెలిస్తే సముద్రంలో ఏ మూలనైనా శబ్దం ఎంతో చెప్పేయవచ్చనే పాత గణిత సత్యం దీనికి ఆధారం. నీటి లోతట్టును వదిలేసి, తడిసిన చర్మాన్ని మాత్రం ముక్కలు చేస్తే చాలు. నీటి మట్టానికి ముక్కలే అక్కర్లేదు, ఇందాకటి ప్రతిబింబం ఉపాయాన్ని సూత్రంలోనే కలిపేయవచ్చు. సగం మునిగిన వస్తువులకు ఈ పద్ధతి నాకు నచ్చేది అందుకే.

దీనికి చెల్లించే ధర వేరే ఉంది. ఉక్కులో ప్రతి ముక్కా తన పక్క ముక్కతోనే మాట్లాడుతుంది. నీళ్లలో ప్రతి ముక్కా మిగతా ప్రతి ముక్కతోనూ మాట్లాడుతుంది. 10,000 బిందువులుంటే 10 కోట్ల సంఖ్యలు, 1.6 గిగాబైట్ల మెమరీ. లక్ష బిందువులైతే 160 గిగాబైట్లు. ఇదంతా ఒక్క ఫ్రీక్వెన్సీకి. తర్వాతి ఫ్రీక్వెన్సీకి మళ్లీ మొదటి నుంచి. దూరంగా ఉన్న ముక్కలను గుంపులుగా చేర్చి గుంపుతో గుంపు మాట్లాడేలా చేసే పద్ధతిని 1987లో గ్రీన్‌గార్డ్, రోఖ్లిన్ చూపించాక పెద్ద ఓడల మీద ఇలాంటి లెక్క ఊహకందింది.

నేను ఈ పని నేర్చుకునే రోజుల్లో ఒక శిఖరం నన్ను వారం రోజులు తిప్పలు పెట్టింది. బార్జి లాంటి చిన్న పొట్ట. గ్రాఫులో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం నిటారుగా లేచింది. ఉక్కు మందం మార్చాను, శిఖరం కదల్లేదు. పక్కటెముకలు జరిపాను, కదల్లేదు. ఉక్కు ఫ్రీక్వెన్సీ అయితే ఉక్కు మారితే కదలాలి కదా? నిద్ర పట్టనంత టెన్షన్. చివరికి పక్క సీట్లోని పెద్దాయన గ్రాఫు చూసి, "బాబూ, అది ఓడది కాదు, నీ సమీకరణానిది" అన్నారు.

నిజంగానే అంతే. ఓడ లోపల ఉన్నది గాలి. కానీ పొట్ట ఉపరితలం మీద రాసిన సమీకరణానికి లోపలెవరు, బయటెవరు అన్న తేడా పూర్తిగా తెలియదు. లోపలా నీళ్లు నిండి ఉన్నట్టు ఊహించుకుని, ఆ లేని నీళ్లు ప్రతిధ్వనించే ఫ్రీక్వెన్సీ దగ్గర తడబడుతుంది. దీనికి మందు అప్పటికే ఉంది. లోపల కొన్ని బిందువులు పెట్టి అక్కడ పీడనం సున్నా కావాలని షెంక్ 1968లో పట్టుబట్టాడు. 1971లో బర్టన్, మిల్లర్ రెండు సమీకరణాలను ఒక ప్రత్యేక పాళ్లలో కలిపి ఆ జబ్బునే లేకుండా చేశారు. నా ప్రోగ్రాములో ఆ మీట నొక్కి ఉంచలేదు. నొక్కగానే శిఖరం మాయమైంది. ఉక్కు మారిస్తే కదలని శిఖరాన్ని నమ్మకపోవడం అప్పుడు అబ్బిన అలవాటు.

కంపించే ప్రతిదీ మోగదు

కంపనం ఎక్కువుంటే శబ్దం ఎక్కువుంటుందని సహజంగా అనుకుంటాం. నీళ్లలో ఇది చాలాసార్లు తప్పు. 1,000 హెర్ట్జ్ దగ్గర మన ప్లేటులో వంపు తరంగం సెకనుకు 300 మీటర్ల వేగంతో పోతుంది. నీళ్లలో శబ్దం వేగం 1,500. ప్లేటులో ఒక చోట గుబ్బ లేస్తే పక్కనే గుంట పడుతుంది. గుబ్బ తోసిన నీరు దూరంగా పోయే అవసరం లేకుండా పక్క గుంటలోకి జారిపోతుంది. పక్కింటి వాళ్లతో ఇచ్చిపుచ్చుకుంటే ఊరికి తెలియనట్టు. ప్లేటు దగ్గర నీళ్లు కల్లోలంగా ఉంటాయి, దూరానికి మాత్రం శబ్దం పోదు. వంపు తరంగం నీళ్లలో శబ్ద వేగాన్ని అందుకుని ఈ పరిస్థితి తిరగబడేది 24,000 హెర్ట్జ్ దగ్గర. అది మన చెవికి అందని ఎత్తు. గాలి వైపు చూస్తే అదే ప్లేటు 1,200 హెర్ట్జ్ దాటగానే బాహాటంగా మోగడం మొదలుపెడుతుంది.

మరి ఓడ శబ్దం నీళ్లలోకి ఎలా పోతుంది? ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కడ తెగుతుందో అక్కడి నుంచి. పక్కటెముకల దగ్గర, వెల్డింగ్ అతుకుల దగ్గర, ప్లేటు మందం మారే చోట, బలం నేరుగా తగిలే ఇంజను పీఠం కింద. నీటి గీత దగ్గర కూడా తెగుతుంది, అక్కడ ప్లేటు బరువే ఒక్కసారిగా మారుతుంది కాబట్టి. కానీ మట్టం మీద పీడనం సున్నా అవ్వాల్సిందే కనుక అక్కడ పుట్టిన శబ్దాన్ని ప్రతిబింబం వెంటనే మింగుతుంది. ఈ రెండింటిలో ఏది గెలుస్తుందో ఫ్రీక్వెన్సీని బట్టి, లోతును బట్టి మారుతుంది. ఊహతో చెప్పగలిగింది కాదు, లెక్క వేయాల్సిందే.

లెక్క వేశాక ఎంత నమ్మాలి? ముక్కలు సగానికి కోసి మళ్లీ నడిపితే జవాబు మారకూడదు. ఇంజను ఇచ్చిన శక్తి, ఉక్కులో వేడిగా పోయిన శక్తి, నీళ్లలోకి వెళ్లిన శక్తి లెక్క సరిపోవాలి. ఈ రెండూ చూడని ఫలితాన్ని నేను ఎవరికీ చూపించను. అయినా ఒకటి చేతికి చిక్కదు. ఉక్కు ఎంత శక్తిని తనలో మింగుతుందన్నది రంగు, ఇన్సులేషన్, పైపులు, టాంకుల్లో ఆయిల్, అతుకుల పట్టు అన్నిటి మీదా ఆధారపడుతుంది. అది కొలిచి తెచ్చుకోవాల్సిన అంకె. కొన్ని వందల హెర్ట్జ్ దాటాక ఏ శిఖరం సరిగ్గా ఎక్కడ వస్తుందో చెప్పడం మానేసి, ఒక్కో గదిలో, ఒక్కో ప్లేటు గుంపులో సగటున ఎంత శక్తి ఉందో చెప్పే గణాంక పద్ధతికి మారడం తెలివైన పని. 1960ల్లో రాకెట్ల మోత లెక్కగట్టడానికి రిచర్డ్ లయన్ లాంటివాళ్లు దాన్ని పెంచారు.

ఇంకొక్క మాట. నీటి అడుగున 160 డెసిబెల్స్ అని ఎక్కడైనా చదివి, జెట్ విమానం కంటే ఎక్కువ అని కంగారు పడకండి. గాలిలో డెసిబెల్ కొలమానం 20 మైక్రోపాస్కల్స్ నుంచి మొదలవుతుంది, నీళ్లలో 1 మైక్రోపాస్కల్ నుంచి. ఆ ఒక్క తేడాయే 26 డెసిబెల్స్. శక్తిని పోల్చాలంటే నీటి సాంద్రత, వేగం వల్ల ఇంకో 36 తీసేయాలి.

సముద్రంలో నాటే స్తంభం

ఉత్తర సముద్రంలో గాలిమరలు నిలబెట్టడానికి పెద్ద పెద్ద ఉక్కు గొట్టాలను హైడ్రాలిక్ సుత్తితో అడుగులోకి దిగ్గొడతారు. గొట్టం పైన గాలిలో, మధ్యలో నీళ్లలో, కింద మట్టిలో ఉంటుంది. నీటి గీతకు తోడు మట్టి గీత కూడా వచ్చి చేరిందన్నమాట. దాని శబ్దం పార్పయిజ్ అనే చిన్న సముద్ర క్షీరదాలను తరిమేస్తుంది. అందుకే జర్మనీ 750 మీటర్ల దూరంలో ఒక్కో దెబ్బ శబ్దం 160 డెసిబెల్స్ దాటకూడదని నియమం పెట్టింది. తమిళనాడు, గుజరాత్ తీరాల్లో సముద్ర గాలిమరలకు 2024లో కేంద్రం పథకం ప్రకటించింది కాబట్టి ఈ లెక్క మనకూ దగ్గరవుతోంది.

సుత్తి దెబ్బ పడగానే గొట్టం గోడ ఆ చోట కొద్దిగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఉక్కు వెంట సెకనుకు 5,000 మీటర్ల వేగంతో కిందికి పరిగెడుతుంది. 30 మీటర్లు దిగడానికి దానికి 6 మిల్లీ సెకన్లు. ఆలోగా పైన నీళ్లలో మొదట పుట్టిన శబ్దం 9 మీటర్లే పోగలదు. ఉబ్బు శబ్దం కంటే ముందు పోతోంది కాబట్టి, వేగంగా పోయే పడవ వెనక నీళ్లు వి ఆకారంలో విచ్చుకున్నట్టు, గొట్టం చుట్టూ శంకువు ఆకారంలో తరంగం ఏర్పడుతుంది. దాని కోణం దాదాపు 17 డిగ్రీలు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రైన్‌హాల్, డాల్ 2011లో ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలోనూ, నీళ్లలో నిలువుగా దింపిన మైకుల వరసలోనూ ఈ శంకువును పట్టుకున్నారు. లెక్కా కొలతా ఒకే కోణం చెప్పాయి. ఉబ్బు కొనకు తగిలి తిరిగి పైకి వస్తూ రెండో శంకువును పైకి విసురుతుంది. మట్టిలోకి దిగిన భాగం కూడా శంకువును పుట్టిస్తుంది, అది అడుగు నుంచి నీళ్లలోకి లేస్తుంది.

ఆ చివరి సంగతి వల్ల ఒక మంచి ఉపాయానికి గండి పడుతుంది. శబ్దాన్ని ఆపడానికి గొట్టం చుట్టూ సముద్రం అడుగున చిల్లుల పైపు పరిచి గాలి ఊదుతారు, బుడగల తెర లేస్తుంది. తెర గొట్టానికి మరీ దగ్గరగా ఉంటే మట్టిలోంచి వచ్చే శబ్దం దాని బయట లేస్తుంది. కాబట్టి తెరను ఎంత దూరం జరపాలన్నది ఈ లెక్కే చెప్పాలి.

ఆ బుడగలు శబ్దాన్ని ఎలా ఆపుతాయి? నీళ్లలో నూటికి ఒక్క వంతు గాలి బుడగలు కలిస్తే చాలు, శబ్ద వేగం 1,500 మీటర్ల నుంచి దాదాపు 120 మీటర్లకు పడిపోతుంది. నీళ్లలోనూ అంత తక్కువ కాదు, గాలిలోనూ కాదు, రెండూ కలిస్తే అంత తక్కువ. బరువు నీటిది, మెత్తదనం గాలిది కావడం వల్ల. అలలు విరిగే చోట ఓడ పొట్ట చుట్టూ, సరిగ్గా నీటి గీత దగ్గర, ఇలాంటి బుడగల నీరే ఉంటుంది. శుభ్రమైన అద్దంలా మనం రాసుకున్న మట్టం అక్కడ నురగతో, ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాన్ని లెక్కలో ఎలా పెట్టాలన్న పని ఇంకా నడుస్తోంది.

బుడగల ప్రభావం వినడానికి సముద్రం దాకా వెళ్లక్కర్లేదు. మందపాటి పింగాణీ మగ్గులో వేడి నీళ్లు పోసి, ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేసి గిరగిరా కలపండి. వెంటనే చెంచా కొనతో మగ్గు అడుగున లోపలి నుంచి టక్ టక్ మని తడుతూ ఉండండి. మొదటి దెబ్బ మోత మంద్రంగా ఉంటుంది. పొడితో వచ్చిన సన్నటి బుడగలు పైకి తేలి పోతున్న కొద్దీ, ఎవరో శ్రుతి బిగిస్తున్నట్టు, స్వరం ఒక్కో దెబ్బకూ పైకి ఎక్కుతుంది. మళ్లీ కలిపితే మళ్లీ దిగుతుంది.